కోర్టుపేట సందులో మొహింగా

ఒడిశాలోని బరంపురం కోర్టుపేటలో పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక ఇరుకు సందులో, ఉదయం ఆరున్నరకల్లా తలుపులు తీసే ఒక చిన్న బర్మా ఫలహారశాల ఉంది. ఆరు బల్లలు, వాటి చుట్టూ ఎత్తు తక్కువ పీటలు, వీధి వైపు పొయ్యిల మీద రెండు పెద్ద డేగిశాలు, లోపలి గోడకు కొన్ని పటాలు: అంతకు మించి అక్కడ ఏమీ లేదు. బోర్డు మీద ఒడియాలోను, తెలుగులోను పేరు రాసి ఉన్నా ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. బర్మా మామ్మగారి హోటల్ అంటే మాత్రం ఆటోవాళ్ళు నేరుగా సందు మొదట్లో దింపుతారు. రెండేళ్ళుగా వారానికి ఒక్కసారైనా అక్కడ తింటున్నాను. వండే మనుషుల కథ తెలియకుండా ఆ వంటను తూచడం కుదరదని నాకు అక్కడే తెలిసింది. అందుచేత ఈ సమీక్షలో బర్మా రాజకీయాలు చాలా చోటు తీసుకుంటాయి. రుచి సంగతి మాత్రమే కావాలనుకునేవారు కూడా కాస్త ఓపిక పట్టి చదవాలని కోరుతున్నాను.

ముందు మొహింగా గురించి చెప్పాలి. మనకు ఇడ్లీ ఎలాగో బర్మావారికి పొద్దుటిపూట మొహింగా అలాగ. జెల్ల చేపను పసుపు, నిమ్మగడ్డి వేసి ఉడికించి, ముళ్ళు ఏరేసి, ఆ ముక్కలను ఉల్లి, అల్లం, వెల్లుల్లి ముద్దతో నూనెలో వేయించి, తిరిగి అదే నీటిలో కలిపి, చిక్కదనం కోసం సెనగపిండీ వేయించిన బియ్యప్పిండీ జారుగా కలిపి పోసి, పలచగా తరిగిన అరటిదవ్వ వేసి గంటల తరబడి సన్నని సెగ మీద మరిగిస్తారు. నేను కూర్చునే బల్ల నుంచి మామ్మగారి చేయి కనిపిస్తుంది. గిన్నెలో బియ్యపు నూడిల్స్ ఒక గుప్పెడు వేసి, పులుసు ఒక గరిటె పోసి, ఆ పులుసును మళ్ళీ డేగిశాలోకే వంపి, రెండోసారి పోస్తారు. మొదటి గరిటె నూడిల్స్‌ను వేడెక్కించడానికి, రెండోది తినడానికి. పైన సగం కోసిన గుడ్డు, కొత్తిమీర, వేయించిన ఎండుమిరప పొడి, నిమ్మచెక్క పెట్టి, చివరగా సెనగపప్పు వడియాన్ని చేత్తో నలిపి చల్లుతారు. అప్పడాలకు పేరు పడిన మన ఊరిలో కరకరలాడే వస్తువును ఎప్పుడు చల్లాలో ఎవరికీ నేర్పనక్కరలేదు. గిన్నె బల్ల మీదికి వచ్చాకే వడియం పడుతుంది, ఒక్క క్షణం ముందు పడదు. నేను ఇంతవరకు తిన్న చేప వంటలలో నీచు వాసన లేకుండా చేప రుచి మాత్రం నిలిచిన వంట ఇదొక్కటే.

ఆ వడియానికి వాడే సెనగపప్పును బర్మా భాషలో ‘కలాపే’ అంటారు. ‘పే’ అంటే పప్పు, ‘కలా’ అంటే భారతదేశం వైపు నుంచి వచ్చినవాడు. కుర్చీని కూడా వాళ్ళు కలావాడు కూర్చునేది అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. పప్పుకూ కుర్చీకీ తగిలించినప్పుడు ఎవరినీ నొప్పించని ఆ మాట, మనిషికి తగిలించినప్పుడు తిట్టుగా మారింది. అలాగే కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కారణంగా తెలుగువారిని అక్కడ ‘కోరంగీ’లు అన్నారు, కొంత కాలానికి అదీ చులకన మాటే అయింది. 2020లో బర్మాలోని భారత సంతతి యువత, వారితో కలిసిన బర్మా యువత, తమను ‘కలా’ అని పిలవవద్దని సామాజిక మాధ్యమాలలో పెద్ద ఎత్తున అడిగారు. ఈ సంగతి నాకు చెప్పింది మామ్మగారి మనవరాలు. అది చెబుతున్నప్పుడు ఆమె చేతిలో సెనగపప్పు చేట ఉంది.

మన గంజాం ప్రాంతంలో ‘రంగం వెళ్ళాడు’ అనే మాట ఇంకా పూర్తిగా చావలేదు. రంగం అంటే రంగూన్. గోపాలపురం రేవు నుంచి ఓడ ఎక్కి, కోతలప్పుడు వరిమిల్లులలోను, మిగిలిన రోజుల్లో రేవులోను బస్తాలు మోసి, నాలుగు డబ్బులతో తిరిగివచ్చిన తాతలు ఈ చుట్టుపక్కల లేని ఇల్లు తక్కువ. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అయితే ఆ చరిత్రను ఒకవైపు నుంచే చెప్పుకోవడం మనకు అలవాటు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మావారిని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి రాగానే ఆ బర్మావారిని వెళ్ళగొట్టాయి. ఆ రోజుల్లో రేగిన అల్లర్లలో చచ్చిపోయింది ఎక్కువగా తెలుగు కూలీలు, వారికి ఆ పరిస్థితి కల్పించిన కంపెనీలకు ఏమీ కాలేదు. ధాన్యం ధర పడిపోయిన ఆ దశాబ్దంలోనే అప్పు తీర్చలేని బర్మా రైతుల పొలాలు వడ్డీ వ్యాపారుల పరమై, 1938 నాటికి దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాలలో సుమారు నాలుగో వంతు భూమి తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతిలోకి పోయింది. బర్మావారి కోపానికి కారణం ఉంది, కానీ ఆ కోపం పడింది వడ్డీ పుస్తకం ముఖం ఎరుగని బస్తాల కూలీ మీద. ఈ రెండు ముక్కలనూ కలిపి చెప్పే మనిషిని నేను మామ్మగారిని తప్ప ఇంకెవరినీ ఎరుగను.

మామ్మగారు పుట్టింది బర్మాలోని మౌల్మీన్‌లో. లోపలి గోడ మీది పటాలలో ఒకదానిలో దేవుడి బొమ్మ లేదు. అద్దం వెనక విప్పి పరచిన ఒక చిన్న పుస్తకం ఉంది. అది ఆమె తల్లికి అక్కడి ప్రభుత్వం ఇచ్చిన విదేశీయుల నమోదు పత్రం. ఒక పేజీలో ముక్కుపుడకతో ఒక యువతి ఫొటో, దాని కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర, ఎదుటి పేజీలో ఏటేటా రుసుము కట్టి పొడిగించుకున్నట్టు ముద్రలు. బర్మాలో పుట్టి, బర్మాలోనే పిల్లలను కన్న మనిషి ఏడాదికోసారి వెళ్ళి, తాను ఈ దేశంలో ఇంకో ఏడాది ఉండడానికి అనుమతి కొనుక్కున్న లెక్క అది. చివరి ముద్ర 1964 నాటిది. ఫలహారానికి వచ్చినవారిలో చాలామంది దానిని గమనించరు. గమనించి అడిగినవారికి మామ్మగారు పొయ్యి తగ్గించి మరీ చెబుతారు.

1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి పెద్దా చిన్నా దుకాణాలన్నీ జాతీయం అయ్యాయి. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి (మనకు రూపాయి ఎలాగో వారికి క్యాట్ అలాగ). మామ్మగారి మాటల్లో చెప్పాలంటే, “రాత్రి పడుకున్నప్పుడు ఉన్నోళ్ళం, తెల్లారేసరికి లేనోళ్ళం బాబూ.” ఆ కాలంలో బర్మా విడిచిన భారతీయులు సుమారు మూడు లక్షల మంది. ఓడ ఎక్కేముందు రేవులో ఒంటి మీది బంగారం కూడా తీయించారు. అప్పటికి పదేళ్ళ పిల్ల అయిన మామ్మగారి చెవికమ్మలు పోయాయి, కుట్టిన చెవులు పూడిపోకుండా వాళ్ళమ్మ వేపపుల్లలు గుచ్చింది. ఆ వేపపుల్లలతోనే ఆమె విశాఖపట్నంలో దిగి, అక్కడి నుంచి రైలెక్కి బరంపురంలో బంధువుల ఇంటికి చేరింది. ఆమె చేతి మొహింగా తిన్న ఎన్నో ఉదయాల తరువాత ఒక రోజు నాకు ఈ విషయం చెప్పారు. అప్పటి నుంచి ఆ గిన్నె ముందు కూర్చున్నప్పుడల్లా నా చూపు ముందుగా ఆమె చెవుల మీదికే పోతుంది.

ఏటేటా పొడిగించే కాగితం అనే పద్ధతి నే విన్‌తో ఆగిపోలేదు. 1982 అక్టోబరులో వచ్చిన పౌరసత్వ చట్టం మనుషులను మూడు అంతస్తులుగా విడదీసింది. 1823 కంటే ముందు, అంటే ఇంగ్లీషువారి మొదటి బర్మా యుద్ధానికి పూర్వం, ఆ నేల మీద స్థిరపడిన జాతులవారు పూర్తి పౌరులు. మిగిలినవారు సహ పౌరులో, అర్జీ పెట్టుకుని పౌరసత్వం పొందినవారో అవుతారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు కార్డు: గులాబీ, నీలం, ఆకుపచ్చ. కింది రెండు తరగతులవారి పౌరసత్వాన్ని ప్రభుత్వం రద్దు చేయవచ్చు. ఆ ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో తెలుగువారు లేరు, తమిళులు లేరు, పడమటి తీరపు అరకాన్‌లోని రోహింగ్యా ముస్లింలు లేరు. ముత్తాత ఏ సంవత్సరంలో ఎక్కడ ఉన్నాడో కాగితం మీద చూపలేని మనిషికి తన ఊరిలోనే నిలువ నీడ లేకుండా చేసిన చట్టమిది.

సరిహద్దు జిల్లాలో పుట్టిన తెలుగువాడిగా నేను ఆ చట్టాన్ని దూరపు విషయంగా చదవలేను. ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, బర్మా భారతదేశం నుంచి విడిపోయింది 1937 ఏప్రిల్ 1న. రెంటికీ మూలం 1935 నాటి ఒకే చట్టం. మా తాత ఇల్లు కదలలేదు, గీత కదిలింది. మద్రాసు రాజధానిలో పడుకున్న కుటుంబం ఒడిశాలో లేచింది. కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయికి నివాస ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి వెళ్ళినప్పుడు, నా ఇంటిపేరు చూసిన గుమాస్తా, “మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చారు?” అని అడిగాడు. ఎప్పుడూ రాలేదని చెప్పడానికి నాకు మూడు వారాలు, నాలుగు కాగితాలు పట్టాయి. బర్మాలో జరిగినదానికీ దీనికీ పోలిక పెట్టడం అన్యాయం, ఆ తేడా నాకు తెలుసు. నాకు న్యాయస్థానం ఉంది, ఓటు ఉంది, ఆ కాగితం చివరికి చేతికి వచ్చింది. కానీ ఆ బల్ల ముందు నిలబడిన మూడు వారాలలో నా కడుపులో తిరిగిన బెరుకు ఎలాంటిదో, ఆ అద్దం వెనకి పుస్తకం చూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది.

ఇక టీ. బర్మా పద్ధతిలో టీని ఊరికే ‘టీ’ అని అడగకూడదు. ‘చో సెయిన్’ అంటే తీపీ చిక్కదనమూ ఎక్కువ, ‘చా సెయిన్’ అంటే డికాషన్ ముదురు. మామూలు పాలకు బదులు డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలు పోస్తారు కాబట్టి మన టీ అలవాటున్న నాలుకకు మొదటి గుక్క పాయసంలా తోస్తుంది. నాకు రెండో రకం నచ్చింది, దానికి తోడుగా పలచని పరాటా బాగుంటుంది. ప్రతి బల్ల మీద ఒక ఫ్లాస్కులో పాలు లేని తేలికపాటి టీ ఉచితంగా ఉంటుంది, ఎన్నిసార్లు పోసుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఒక్క టీకి గంటన్నర కూర్చున్నా లేవమని ఇంతవరకు నన్నెవరూ అనలేదు. ఈ ఓపిక వ్యాపారానికి నష్టమే. కానీ బర్మాలో టీ దుకాణం అంటే అదే అర్థం. వార్తాపత్రికలలో రాయలేని మాటలు దశాబ్దాల పాటు అక్కడి జనం చెప్పుకున్నది ఈ పొట్టి పీటల మీదే. 1988 నాటి మహా ఉద్యమానికి నిప్పు అంటుకున్నది కూడా టీ దుకాణంలోనే. ఆ ఏడాది మార్చి 12న రంగూన్ సాంకేతిక కళాశాల విద్యార్థులకూ స్థానిక యువకులకూ మధ్య, ఏ పాట వేయాలన్న మాట మీద ఒక టీ దుకాణంలో తగవు వచ్చింది. పట్టుబడినవారిలో అధికారి కొడుకు ఉండడంతో వెంటనే విడుదలయ్యాడు. మర్నాడు నిరసనకు దిగిన విద్యార్థుల మీద కాల్పులు జరిగి ఫోన్ మో అనే విద్యార్థి చనిపోయాడు. అంతకు ఆరు నెలల ముందే, 1987 సెప్టెంబరులో, 25, 35, 75 క్యాట్ల నోట్లను ఏ పరిహారమూ లేకుండా రద్దు చేయడంతో చదువుకునే పిల్లల దగ్గర ఫీజుకు దాచిన డబ్బు కూడా పోయి ఉంది. ఆగస్టు 8న దేశమంతా వీధిలోకి వచ్చింది. సెప్టెంబరు 18న సైన్యం తుపాకులతో తిరిగి వచ్చింది, వేలమంది ప్రాణాలు పోయాయి. 1990 ఎన్నికలలో ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ పార్టీ అత్యధిక స్థానాలు గెలిస్తే అధికారం ఇవ్వలేదు.

ఈ విషయాలన్నీ నేను పుస్తకంలో చదివి రాయడం లేదు. శనివారం సాయంత్రం ఆరు గంటల నుంచి ఎనిమిది వరకు ఆ ఫలహారశాలలో బర్మా గురించి మాటలు నడుస్తాయి. మామ్మగారి మనవరాలు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదువుతోంది. వారం వారం ఒక అంశం ఎంచుకుని, తెలుగులో మొదలుపెట్టి, వచ్చినవారిని బట్టి ఒడియాలోకి మారుతూ చెబుతుంది. ప్రవేశ రుసుము లేదు. టీ కొనాలన్న నియమం కూడా లేదు. పదిహేను మంది వస్తే పీటలు చాలవు. దీనిని కూడా ఆ ఫలహారశాల అందించే సేవగానే లెక్కవేయాలి, పైగా నా దృష్టిలో అక్కడి అన్నిటికంటే విలువైన సేవ ఇదే.

నాకు మరపురాని శనివారం ఒకటి ఉంది. ఆ రోజు అంశం 2008 నాటి రాజ్యాంగం. ఆమె దానిని రాజ్యాంగంతో కాక తుపానుతో మొదలుపెట్టింది. 2008 మే 2న నర్గీస్ తుపాను ఐరావతి నది డెల్టాలోని ఊళ్ళను ముంచింది. చనిపోయినవారు, కనిపించకుండా పోయినవారు లక్షా ముప్పై వేలకు పైనే. సాయానికి వచ్చిన విదేశీ సంస్థలను సైనిక ప్రభుత్వం వారాల తరబడి గుమ్మంలో నిలబెట్టింది. శవాలు ఇంకా నీళ్ళలో తేలుతుండగా, మే 10న, తుపాను గట్టిగా తాకిన ప్రాంతాలను మాత్రం కొద్ది రోజులు వాయిదా వేసి, కొత్త రాజ్యాంగం మీద ఓటింగు జరిపింది. 92 శాతానికి పైగా ఆమోదం వచ్చిందని ప్రకటించింది. అంతవరకు చెప్పి ఆమె మమ్మల్ని అడిగింది, “మరి మనకి ఫైలిన్ వచ్చినప్పుడు ఏమయింది?” 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. మా పెంకులు ఎగిరిపోయాయి, వారాల పాటు కరెంటు లేదు, కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. కానీ అంతకు రెండు రోజుల ముందు నుంచే మైకులు పట్టుకుని ఊరూరా తిరిగి దాదాపు పది లక్షల మందిని తరలించారు. 1999 తుపానులో పది వేల మంది పోయాక పత్రికలు, శాసనసభ, వీధిలో జనం అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చిన ప్రభుత్వం కాబట్టే ఆ మైకులు వచ్చాయి. ఆ గాలి బర్మాలో వీచినా ఇక్కడ వీచినా ఒకటే. ప్రభుత్వాన్ని నిలదీయగల హక్కు ఉన్నచోట చావుల లెక్క వేరుగా ఉంటుందని, పెంకులు పోగొట్టుకున్న ఊరిలో కూర్చుని విన్నప్పుడు ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

ఆ రాజ్యాంగం పార్లమెంటులో నాలుగో వంతు స్థానాలు సైన్యానికి ఉంచింది. కీలకమైన సవరణలకు నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ ఓట్లు కావాలంది. అంటే సైన్యం చెయ్యెత్తకుండా తాళం తెరుచుకోదు. విదేశీ పౌరసత్వం ఉన్న పిల్లలు గలవారు అధ్యక్షులు కాకూడదని మరో నిబంధన పెట్టి సూచీకి దారి మూసింది. ఆ తాళం అలా వేసి ఉండగానే 2011లో ‘సంస్కరణలు’ మొదలయ్యాయి. 2012లో పత్రికల ముందస్తు సెన్సారు పోయింది. వందల డాలర్లు పలికిన సిమ్ కార్డు 2014లో 1500 క్యాట్లకు దొరికింది. 2015లో సూచీ పార్టీ ఘనంగా గెలిచింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, ఈ ఫలహారశాలలో ఆ రోజు అందరికీ మిఠాయి పంచారట. కానీ అది సైన్యం తన వీలు చూసుకుని వదులు చేసిన తాడు. రాజ్యాంగాన్ని సవరించే దారి వెతుకుతున్న న్యాయవాది కో నీని 2017 జనవరిలో రంగూన్ విమానాశ్రయం ముందే, చేతుల్లో మనవడు ఉండగా కాల్చి చంపారు. ఆయన ముస్లిం, సూచీ పార్టీ సలహాదారు. అదే ఏడాది ఆగస్టు నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు సైన్యం పెట్టిన మంటల నుంచి పారిపోయి బంగ్లాదేశ్ చేరారు.

ఇక్కడే ఆ ఇంట్లో ఒక తగవు వచ్చింది. అప్పటివరకు వచ్చినవారికి ఎదురుగా సూచీ ఫొటో ఉండేది. 2019 డిసెంబరులో ఆమె హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళి తన దేశం తరఫున నిలబడి, జాతి హత్య జరిగిందన్న ఆరోపణను ఖండించినప్పుడు మనవరాలు ఆ ఫొటో తీసేసింది. ‘కాగితం లేదని మనల్ని ఓడెక్కించినట్టే వాళ్ళనీ తరిమారు, ఆవిడ తరిమినవాళ్ళ పక్క నిలబడింది’ అన్నది ఆమె వాదన. పదిహేనేళ్ళు ఇంట్లో బందీగా ఉన్న మనిషిని అంత తొందరగా దింపకూడదన్నది మామ్మగారి వాదన. 2021 ఫిబ్రవరి 1న సైన్యం సూచీని మళ్ళీ బంధించాక మామ్మగారు ఆ ఫొటోను బయటికి తీశారు. చివరికి అది వంటింట్లో, పోపులపెట్టె పైన స్థిరపడింది. వచ్చినవారికి కనిపించదు, మామ్మగారికి కనిపిస్తుంది. నా మనసు మనవరాలి పక్షమే. అయినా ఇద్దరి మాటా నిలిచేలా ఆ ఫొటోకు చోటు వెతికిన ఆ కుటుంబం మీద నాకు గౌరవం పెరిగింది.

సైనిక కుట్ర జరిగిన మర్నాటి నుంచి బర్మాలో రాత్రి ఎనిమిది కాగానే ఇళ్ళలో గిన్నెలు, మూకుళ్ళు మోగించడం మొదలుపెట్టారు. చప్పుడు చేసి దుష్టశక్తిని ఇంటి నుంచి తరమడం వారి పాత ఆచారం. డాక్టర్లు, ఉపాధ్యాయులు, రైల్వే కార్మికులు ఉద్యోగాలకు వెళ్ళడం మానేశారు. మార్చిలో స్త్రీలు తమ లుంగీలను వీధికి అడ్డంగా తాళ్ళ మీద ఆరేశారు. ఆడవారి బట్ట కింద నుంచి నడిస్తే మగవాడి మహిమ పోతుందని సైనికులు నమ్ముతారు, అందుచేత వాటిని విప్పేవరకు అడుగు ముందుకు వేయలేకపోయారు. మామ్మగారు ఆ వీడియో చూపించమని మనవరాలిని నాలుగైదుసార్లు అడిగారు. మన ఇళ్ళలోనూ ఆడవారి చీర ఆరేసిన తాడు కింద నుంచి మగవారు వెళ్ళకూడదనేవారు. చిన్నప్పటి నుంచి తమను కించపరచిన ఆ నమ్మకాన్నే పట్టుకుని ఆ స్త్రీలు తుపాకీ ఉన్నవాడిని ఆపారు. నాకు తెలిసినంతలో ఈ కాలపు సామాజిక మార్పులో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదు.

ఇంకొకటి కూడా జరిగింది. 2021 జూన్‌లో, సైన్యాన్ని ఎదిరిస్తున్న జాతీయ ఐక్యతా ప్రభుత్వం, రోహింగ్యాలకు న్యాయం చేస్తామని, 1982 చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని ప్రకటించింది. రోహింగ్యా అన్న పేరునే పలకడానికి ఇష్టపడని రాజకీయాల నుంచి వచ్చినవారే ఆ మాట అన్నారు. తుపాకీ గొట్టం తమ వైపు తిరిగాక కానీ పక్కవాడి బాధ కనపడలేదని చాలామంది యువకులు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. ఆ ప్రకటన ఇంకా అమలు కావలసిన కాగితమే. 2024 ఫిబ్రవరిలో సైన్యం 18 నుంచి 35 ఏళ్ళ మగవారికి నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలులోకి తెచ్చింది. పాస్‌పోర్టు కార్యాలయాల ముందు పిల్లలు బారులు తీరారు, సరిహద్దు దాటిన వేలమంది మిజోరంలో తలదాచుకున్నారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు కాబట్టి వారికి ఇక్కడ కూడా గట్టి కాగితం లేదు. ఆ సంగతి చెప్పిన శనివారం మామ్మగారు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, “మిజోరంలో మనవాళ్ళు వాళ్ళకి అన్నం పెడతన్నారా?” అని ఒక్క ప్రశ్న వేశారు. పెడుతున్నారని, అక్కడి చర్చిలు, ఊరి సంఘాలు చూసుకుంటున్నాయని మనవరాలు చెప్పాక తిరిగి వెళ్ళి కూర్చున్నారు.

లోపాలు కూడా చెప్పాలి. మొహింగాలో నిమ్మగడ్డి కొన్ని రోజులు సరిగా తగలదు, సంతలో దొరకనప్పుడు నిమ్మాకుతో సరిపెడుతున్నారు, అది నాలుకకు తెలిసిపోతుంది. సాయంత్రం వేపుళ్ళకు వాడే నూనె ఏడు దాటాక బరువెక్కుతుంది. ఆ వేళలో సమోసా సలాడు అడగవద్దు. కొబ్బరిపాల నూడిల్స్, అంటే ఓన్నో ఖౌస్వే, ఆదివారం మాత్రమే చేస్తారు. అది చక్కగా ఉంటుంది కానీ కోడిమాంసం ముక్కలు మరీ చిన్నవి. ఏ వంటకంలో ఉప్పుచేప రసం పడిందో, ఎండురొయ్యల పొడి పడిందో ధరల పట్టికలో రాయరు. శాకాహారులు అడిగి తెలుసుకోవాలి, లేకపోతే మంచి టీ ఆకు పచ్చడి అనుకుని తిన్నదానిలో రొయ్యపొడి తగులుతుంది. శాకాహారులకు నేను నిస్సంకోచంగా చెప్పగలిగింది షాన్ తోఫు. సోయాతో కాదు, సెనగపిండిని జారుగా ఉడికించి, గడ్డకట్టించి, ముక్కలు కోసి వేయిస్తారు. పైన కరకర, లోపల వెన్న. పక్కన ఇచ్చే చింతపండు పచ్చడి మన ఇంటి రుచే.

చేతులు కడుక్కునే చోట వెలుతురు చాలదు. పీటలు మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు కష్టం, రెండు కుర్చీలైనా వేయించమని నేను మామ్మగారి కొడుకుతో రెండుసార్లు అన్నాను. పోయిన నెలలో ఒకటి వచ్చింది. శనివారం మాటల గురించి వీధి బోర్డు మీద ఒక్క ముక్క కూడా రాయకపోవడం పెద్ద లోటు. తెలిసినవారే వస్తున్నారు, పక్క సందులోని కాలేజీ పిల్లలకు తెలియదు. రాస్తే గొడవలొస్తాయేమోనని ఆ కొడుకు జంకు. ఆ జంకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి నేను బలవంతపెట్టలేదు, కానీ రాయాలనే నా కోరిక.

మొహింగా ఉదయం ఆరున్నర నుంచి, తొమ్మిదిన్నర అయ్యాక వెళ్తే డేగిశా అడుగున అరటిదవ్వే మిగులుతుంది. గిన్నె అరవై రూపాయలు, గుడ్డు అదనంగా కావాలంటే పది. చిల్లర తీసుకెళ్ళండి. సోమవారం సెలవు. శనివారం సాయంత్రం వెళ్ళేవారు ఐదున్నరకే వెళ్ళి, టీ చెప్పి, గోడకు దగ్గరి బల్ల పట్టుకోండి. పటంలోని వేలిముద్ర గీతలు అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి.